పిల్లలకు ఆహార అలర్జీ అని తేలాక: వంటగది నుంచి బడి దాకా ఏం మార్చాలి, ఎలా మార్చాలి

బిడ్డకు ఫలానా తిండి పడదని డాక్టరు తేల్చి చెప్పాక ఇళ్లలో సాధారణంగా రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. కొందరు భయపడిపోయి అనుమానం ఉన్నవన్నీ ఒక్కసారిగా మాన్పించేస్తారు. ఇంకొందరు "ఇంతోటి దానికి ఏమవుతుందిలే" అని చెంచాడు పెట్టి చూస్తారు. మొదటి పనితో బిడ్డ చిక్కిపోతుంది, రెండో పనితో ప్రాణం మీదికే రావచ్చు. పడనిదాన్ని పిసరంత కూడా మిగలకుండా తీసేయాలి, పడేదాన్ని ఒక్కటి కూడా అనవసరంగా తీయకూడదు. ఇందులో రెండో సగాన్ని చాలామంది మర్చిపోతారు. నా దృష్టిలో అదీ మొదటిదానంత ముఖ్యమే.

డాక్టరు గదిలోంచి బయటికొచ్చాక ఇంట్లో మొదలయ్యే పని గురించి ఇక్కడ రాస్తున్నాను. మందులు, మోతాదులు మాత్రం మీ బిడ్డను చూసిన డాక్టరే చెప్పాలి.

1. అసలు సమస్య ఏ రకమో ముందు తేల్చుకోండి

పాలు తాగితే బిడ్డకు బాగుండటం లేదు అనుకుందాం. దాని వెనక కనీసం మూడు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. ఒక్కోదానికి జాగ్రత్త ఒక్కోలా ఉంటుంది.

మొదటిది అసలైన అలర్జీ. రోగనిరోధక వ్యవస్థ పాలలోని ప్రోటీన్‌ను శత్రువుగా భావించి ఐజీఈ అనే యాంటీబాడీతో ఎదురుదాడి చేస్తుంది. తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటలలోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, దగ్గు, ఆయాసం కనిపిస్తాయి. ప్రాణాపాయం ఉన్నది ఎక్కువగా ఈ రకంలోనే.

రెండోదీ అలర్జీయే, కానీ ఐజీఈతో సంబంధం లేనిది. ఎఫ్‌పైస్ అనేది ఇందులో ఒకటి. పసిపిల్లలు తిన్న గంట నుంచి నాలుగు గంటల మధ్య ఆగకుండా వాంతులు చేసుకుని, పాలిపోయి, వాలిపోతారు. దద్దుర్లు ఉండవు, అలర్జీ పరీక్షలూ చాలాసార్లు ఏమీ చూపించవు. అందుకే దీన్ని కడుపులో ఇన్ఫెక్షన్ అనుకుని పొరబడటం మామూలే. ఏం తిన్నది, ఎంతసేపటికి వాంతి మొదలైంది అన్నది రాసిపెట్టుకుని చూపిస్తే డాక్టరు సగం దారి దాటినట్టే.

మూడోది లాక్టోజ్ అరగకపోవడం. ఇది అలర్జీ కాదు. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్ చాలకపోవడంతో కడుపుబ్బరం, విరేచనాలు వస్తాయి. ఇబ్బందే గానీ ప్రాణాపాయం లేదు, కొద్దిపాటి పాలు చాలామంది తట్టుకుంటారు. లాక్టోజ్ తీసేసిన పాలు వీళ్లకు సరిపోతాయి. పాల అలర్జీ ఉన్నవాళ్లకు అవే పాలు విషం, ఎందుకంటే అందులో ప్రోటీన్ అలాగే ఉంటుంది.

గోధుమల విషయంలో ఇంకొకటి ఉంది, సీలియాక్ వ్యాధి. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ తిన్నప్పుడు శరీరం తన చిన్నపేగునే దెబ్బతీసుకుంటుంది. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: సీలియాక్ అనుమానం ఉంటే రక్తపరీక్ష అయ్యేదాకా గోధుమ ఆపకండి. ముందే ఆపేస్తే పరీక్షలో ఏమీ కనిపించకుండా పోతుంది, జబ్బు ఉందో లేదో తేల్చుకోవడానికి మళ్లీ కొన్ని వారాలు గోధుమ తినిపించాల్సి వస్తుంది.

2. పరీక్ష కాగితాన్ని సరిగా చదవండి

చర్మం మీద చుక్క వేసి గుచ్చే పరీక్షలో 15-20 నిమిషాల తర్వాత బొబ్బ కొలుస్తారు. రక్తంలో ఐజీఈ కొలిచే పరీక్ష ఇంకొకటి. ఈ రెండూ చెప్పేది ఒకటే: శరీరం ఆ ఆహారాన్ని గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేసుకుందని. తింటే ప్రతిచర్య వచ్చి తీరుతుందని కాదు. పరీక్షలో పాజిటివ్ వచ్చిన ఆహారాన్ని హాయిగా తినే పిల్లలు ఎంతోమంది ఉంటారు. అంకె పెద్దదైతే అలర్జీ ఉండే అవకాశం పెరుగుతుంది, అంతే. ప్రతిచర్య ఎంత తీవ్రంగా ఉంటుందో ఆ అంకె చెప్పదు.

కాబట్టి ఇరవై, ముప్ఫై ఆహారాలకు ఒకేసారి రక్తపరీక్ష చేయించి, ఎర్రగీత పడినవన్నీ మాన్పించడం చాలా పెద్ద పొరపాటు. ముఖ్యంగా ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురదపెట్టే జబ్బు) ఉన్న పిల్లల్లో ఇలా జరుగుతుంటుంది. రోజూ తింటూ తట్టుకుంటున్న ఆహారాన్ని నెలల తరబడి ఆపేస్తే ఆ తట్టుకునే గుణం పోయి, మళ్లీ పెట్టినప్పుడు నిజమైన అలర్జీగా బయటపడిన సందర్భాలు వైద్యులకు బాగా తెలుసు. ఇక ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీ పేరుతో అమ్మే "ఫుడ్ ఇన్‌టాలరెన్స్" పరీక్షలకు డబ్బు పెట్టకండి. ఐజీజీ ఉందంటే ఆ ఆహారాన్ని తిన్నారని మాత్రమే అర్థం.

చివరి మాట చెప్పే పరీక్ష ఆసుపత్రిలో, డాక్టర్ల కళ్లముందు, అనుమానించిన ఆహారాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ తినిపించి చూడటం. ఇది ఇంట్లో సొంతంగా చేసే పని కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ ప్రశ్నలు రాసుకెళ్లండి: ఏది పూర్తిగా మానాలి? దాన్ని కేకులు, బిస్కెట్లలాగా బాగా బేక్ చేసిన రూపంలోనూ మానాలా? పాలు, గుడ్డు అలర్జీ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది బాగా బేక్ చేసిన రూపాన్ని తట్టుకుంటారు, కానీ మీ బిడ్డ వాళ్లలో ఉందో లేదో డాక్టరే తేల్చాలి. దీనితో పోలిక ఉన్న మరే ఆహారం మానాలి? జీడిపప్పు పడనివాళ్లకు పిస్తా, వాల్‌నట్ పడనివాళ్లకు పెకాన్ సాధారణంగా పడవు. ఆవుపాలు పడకపోతే మేకపాలు, గేదెపాలు కూడా పడవనే అనుకోవాలి, ప్రోటీన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. పల్లీలు మాత్రం కాయధాన్యాల కుటుంబానివి. పల్లీ పడదని జీడిపప్పు, బాదం అన్నీ దానంతటదే మానాలని లేదు.

3. ప్రమాదం వచ్చిన నిమిషానికి ఇప్పుడే సిద్ధమవ్వండి

వంటగది సర్దడానికి కొన్ని రోజులు పట్టినా పర్వాలేదు. ఈ పని మాత్రం మొదటి రోజే అయిపోవాలి.

1902లో షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు సముద్ర జీవి అయిన ఎనిమోన్ విషాన్ని కుక్కల మీద పరీక్షిస్తున్నారు. మొదటిసారి తట్టుకుని కోలుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత మామూలుగా ప్రాణం తీయనంత చిన్న మోతాదుకే నిమిషాల్లో కుప్పకూలింది. ఈ స్థితికే అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ప్రయోగం నుంచి తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: పోయినసారి నాలుగు దద్దుర్లతో పోయింది కదా అని ఈసారీ అంతేనని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అనాఫిలాక్సిస్‌కు మందు ఆడ్రినలిన్ ఇంజెక్షన్. దద్దుర్లకు వాడే యాంటీహిస్టమిన్ సిరప్ దురద తగ్గిస్తుంది గానీ మూసుకుపోతున్న గొంతును తెరవలేదు, పడిపోతున్న బీపీని నిలబెట్టలేదు. చాలాసార్లు ఆలస్యం ఇక్కడే జరుగుతుంది: సిరప్ పోసి, తగ్గుతుందేమోనని చూస్తూ కూర్చోవడం.

ఆడ్రినలిన్ పెన్నులు (తొడకు నొక్కితే మందు దానంతటదే ఎక్కే ఇంజెక్షన్లు) ఎక్కువగా 0.15, 0.3 మిల్లీగ్రాముల మోతాదుల్లో వస్తాయి. ఏది మీ బిడ్డకు సరిపోతుందో బరువును బట్టి డాక్టరు రాస్తారు. బరువు పెరిగాక మళ్లీ అడగాలి. పెన్నులు దొరకని చోట ఆంపూల్ (మందు ఉన్న చిన్న గాజు సీసా), సిరంజీ ఇచ్చి నేర్పిస్తారు. ఏదైనా సరే రెండు డోసులు ఉండాలి, రెండూ బిడ్డ ఎక్కడుంటే అక్కడే ఉండాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. గడువు తేదీకి ఒక నెల ముందే గుర్తొచ్చేలా ఫోన్ క్యాలెండర్‌లో వేసుకోండి.

ఒక కాగితం మీద ఇలా రాసి, బిడ్డ ఫోటో అంటించి, ఫ్రిజ్ తలుపు మీద ఒకటి, మందు సంచిలో ఒకటి, బడిలో ఒకటి పెట్టండి. డాక్టరుకు చూపించి సంతకం చేయించుకోండి.

"పేరు, వయసు, బరువు. పడనివి: పల్లీలు, జీడిపప్పు, పిస్తా. ఉబ్బసం: ఉంది.

కొద్దిగా ఉంటే (నోటి చుట్టూ దురద, నాలుగైదు దద్దుర్లు, లేదా ఒక్క వాంతి, వీటిలో ఏదో ఒక్కటే): ఒంటరిగా వదలొద్దు. డాక్టరు రాసిన యాంటీహిస్టమిన్ ఇవ్వండి. పెన్ను చేతిలో పట్టుకుని గమనించండి.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఆడ్రినలిన్: ఊపిరి ఆడకపోవడం, పిల్లికూతలు, ఆగని దగ్గు, గొంతు బొంగురుపోవడం, నాలుక వాపు, మింగలేకపోవడం, పాలిపోయి మెత్తబడిపోవడం, స్పృహ తప్పడం. చర్మం, కడుపు రెండింటిలోనూ లక్షణాలు కలిసి వచ్చినా ఇదే.

తొడ బయటివైపు మధ్యలో, బట్టల మీంచే గుచ్చవచ్చు. తర్వాత అంబులెన్స్. పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టండి. ఊపిరి ఆడకపోతే కాళ్లు చాపి కూర్చోబెట్టండి. లేపి నిలబెట్టొద్దు, నడిపించొద్దు. 5 నుంచి 15 నిమిషాల్లో తగ్గకపోతే రెండో డోసు."

ఇందులో రెండు సంగతులు జనానికి అంతగా తెలియవు. ఒకటి, చర్మం మీద ఒక్క దద్దురు కూడా లేకుండా అనాఫిలాక్సిస్ రావచ్చు. పడనిది తిన్నాక పిల్లవాడు ఉన్నట్టుండి దగ్గుతూ నీరసపడితే దద్దుర్ల కోసం వెతుకుతూ కూర్చోకండి. రెండు, తేలికపడ్డాక కూడా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కొందరిలో కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెడుతుంది.

వాడాల్సిన సమయం వచ్చిందా లేదా అని సందేహపడేకంటే వాడేయడమే మేలు. ఆడ్రినలిన్‌తో ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు కొద్దిసేపు గుండెదడ, వణుకు, ముఖం పాలిపోవడం లాంటివి ఉంటాయి. ఆలస్యానికి మాత్రం దిద్దుబాటు లేదు. చేతికి అలవాటు కావడానికి సూది లేని ట్రైనర్ పెన్నుతో ఇంట్లో అందరూ సాధన చేయాలి. అమ్మమ్మ, తాతయ్య కూడా.

బిడ్డకు ఉబ్బసం ఉంటే దాన్ని అదుపులో ఉంచడం కూడా ఈ పనిలో భాగమే. అదుపులో లేని ఉబ్బసం ఉన్న పిల్లల్లో ఆహార ప్రతిచర్యలు ప్రమాదకరంగా మారే అవకాశం ఎక్కువ.

4. లేబుల్ చదవడం

ప్యాకెట్ కొన్నప్పుడు, ఇంటికొచ్చి అలమరలో పెట్టేటప్పుడు, బిడ్డకు పెట్టేముందు, మూడుసార్లు చదవాలి. రోజూ కొనే బిస్కెట్ ప్యాకెట్ అయినా సరే. కంపెనీలు దినుసులు మారుస్తుంటాయి. రంగు, బొమ్మ అవే ఉంటాయి, వెనక అక్షరాలు మారతాయి. ఒకే బ్రాండులో చిన్న ప్యాకెట్, పెద్ద ప్యాకెట్ వేర్వేరు ఫ్యాక్టరీల్లో తయారై ఉండొచ్చు.

పాలు పడని బిడ్డ కోసం ఒక లేబుల్ చేతిలోకి తీసుకున్నారనుకోండి. "పాలు" అన్న మాట కోసం ఒక్కటే వెతికితే చాలదు. కేసిన్, కేసినేట్, వే, లాక్టాల్బుమిన్, పాలపొడి, వెన్న, మజ్జిగ ఘనపదార్థాలు, ఇవన్నీ పాలే. "నాన్ డెయిరీ" అని ముందు పెద్ద అక్షరాల్లో ఉన్న క్రీమర్ వెనక సోడియం కేసినేట్ కనిపించడం మామూలే. అదే లేబుల్ మీద లాక్టిక్ యాసిడ్ కనబడి గుండె ఆగినంత పనైతే కంగారుపడకండి, అది సాధారణంగా పాలతో తయారుకాదు. గుడ్డు అయితే అల్బుమిన్, ఓవాల్బుమిన్, లైసోజైమ్. గోధుమ అయితే సెమోలినా, డ్యూరమ్, స్పెల్ట్, గోధుమ స్టార్చ్. సీలియాక్ ఉన్నవాళ్లు వీటితో పాటు బార్లీ నుంచి వచ్చే మాల్ట్‌నూ చూడాలి.

ఏ అలర్జీ కారకాలను తప్పనిసరిగా రాయాలో ఒక్కో దేశంలో ఒక్కో చట్టం. అమెరికాలో తొమ్మిది: పాలు, గుడ్డు, చేప, రొయ్య-పీత జాతి, చెట్టు గింజలు, పల్లీలు, గోధుమ, సోయా, ఇంకా 2023 జనవరి 1 నుంచి నువ్వులు. యూరోపియన్ యూనియన్ జాబితాలో పద్నాలుగు, అందులో ఆవాలు, సెలరీ కూడా ఉన్నాయి. కాబట్టి వేరే దేశం నుంచి వచ్చిన ప్యాకెట్ మీద ఆవాల హెచ్చరిక లేదంటే ఆవాలు లేవని అర్థం కాదు, చెప్పాలన్న నియమం అక్కడ లేకపోయి ఉండొచ్చు.

"పల్లీలు ఉండవచ్చు", "పల్లీలు వాడే చోట తయారైంది" అన్న హెచ్చరికలు చాలా దేశాల్లో కంపెనీ ఇష్టం. రాయనంత మాత్రాన కలిసే ప్రమాదం లేదని కాదు. రాసిన ప్యాకెట్లు బిడ్డకు పెట్టకపోవడం సురక్షితం. రాయని వాటిలో అనుమానం ఉంటే కంపెనీకి ఫోన్ చేసి "ఇదే యంత్రం మీద ఇంకేం తయారుచేస్తారు?" అని అడగండి. తిన్నగా సమాధానం ఇచ్చే కంపెనీల పేర్లు రాసిపెట్టుకుంటే తర్వాత కొనడం తేలికవుతుంది. వీగన్ ముద్ర చూసి పాలు, గుడ్డు అణువంత కూడా లేవనుకోవద్దు. అది దినుసుల గురించి చెప్పేదే తప్ప అలర్జీ హామీ కాదు. "గ్లూటెన్ ఫ్రీ"కి మాత్రం అంతర్జాతీయ ప్రమాణం ఉంది, కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదు.

తిండి కానివాటి లేబుళ్లూ చూడాలి. పిల్లలు ఆడుకునే రంగుల పిండిముద్దలో గోధుమ ఉంటుంది. పక్షులకు వేసే గింజల్లో పల్లీలు ఉంటాయి. కొన్ని లోషన్లలో బాదం నూనె ఉంటుంది. ఏ కొత్త మందు రాసినా డాక్టరుకు, మందుల షాపులో కూడా అలర్జీ సంగతి చెప్పండి. అయితే గుడ్డు పడదని టీకాలు ఆపకండి. తట్టు టీకా, ఫ్లూ టీకా గుడ్డు అలర్జీ ఉన్న పిల్లలకు వేయొచ్చని ఇప్పుడు స్పష్టంగా తెలుసు.

5. వంటగది సర్దుబాటు

ఇంట్లోంచి పూర్తిగా తీసేయాలా, లేక ఉంచి జాగ్రత్తపడాలా? దీనికి ఒకే జవాబు లేదు. బిడ్డ పాకుతూ దొరికింది నోట్లో పెట్టుకునే వయసులో ఉంటే, లేక పడనిది పల్లీలలాగా సులభంగా వదులుకోగలిగేది అయితే ఇంట్లోనే లేకుండా చేయడం సుఖం. పాలు, గోధుమల్లాంటివి ఇంటిల్లిపాదీ మానడం కష్టం. పైగా బయట ప్రపంచంలో అవి ఉంటాయి కాబట్టి జాగ్రత్తగా మసలుకోవడం బిడ్డ ఇంట్లోనే నేర్చుకోవడం మంచిది.

ఉంచాలనుకుంటే బిడ్డ తిండికి అన్నిటికంటే పై అర కేటాయించండి, పైనుంచి పొడి రాలకుండా. గరిటె, చాకు, కోసే పలక, జల్లెడ, టోస్టర్ విడిగా ఉండాలి. చెక్క గరిటెలు, గీతలు పడిన నాన్‌స్టిక్ పెనాలు ప్రోటీన్‌ను పట్టి ఉంచుతాయి, బిడ్డ కోసం కొత్తవి కొనడం ఉత్తమం. వేపిన నూనె రెండోసారి వాడొద్దు. చేప వేపిన నూనెలో ఇంకేం వేపినా అందులో చేప ప్రోటీన్ ఉన్నట్టే. వంట మొదట బిడ్డకు చేసి, మూతపెట్టి పక్కన పెట్టాక మిగతావాళ్లకు మొదలుపెట్టండి. ఈ ఒక్క అలవాటుతో చాలా పొరపాట్లు తప్పుతాయి.

వేడికి ప్రోటీన్ చచ్చిపోతుందిలే అనుకోవద్దు. వేయించిన పల్లీ పచ్చిపల్లీ కంటే అలర్జీ ఎక్కువ కలిగిస్తుంది.

చేతులు సబ్బు, నీళ్లతో కడగాలి. శానిటైజర్ సూక్ష్మజీవులను చంపుతుంది గానీ పల్లీ ప్రోటీన్‌ను తొలగించదు, చేతి మీద అటూ ఇటూ పూస్తుంది, అంతే. నీళ్లు దొరకని చోట తడి వైప్స్ పనికొస్తాయి.

భయపడనక్కర్లేనిది కూడా చెప్పాలి. పక్కన ఎవరో పల్లీ వెన్న తింటుంటే ఆ వాసనకు అనాఫిలాక్సిస్ రాదు, వాసనలో ప్రోటీన్ ఉండదు. పొంగుతున్న పాల ఆవిరి, వేగుతున్న చేప పొగ మాత్రం వేరు, వాటితో పాటు ప్రోటీన్ గాలిలోకి లేస్తుంది. బాగా సున్నితంగా ఉన్న పిల్లలను ఆ సమయంలో వంటగదికి దూరంగా ఉంచండి.

6. తీసేసిన దాని స్థానంలో ఏం పెట్టాలి

పాలు మాన్పించి నీళ్లలాంటి బాదం పానీయం పోస్తే కంచం నిండినట్టు కనిపిస్తుంది, బిడ్డ ఎదుగుదల మాత్రం ఆగుతుంది. బాదం పానీయాల్లో ప్రోటీన్ చాలా తక్కువ. బియ్యం పానీయాలు ఆర్సెనిక్ కారణంగా చిన్నపిల్లలకు పాలకు బదులుగా ఇవ్వొద్దని వైద్యులు చెబుతారు. ఏడాది దాటిన పిల్లలకు సోయా పడితే, కాల్షియం కలిపిన సోయా పానీయం పోషకాల్లో పాలకు దగ్గరగా వస్తుంది. లేబుల్ మీద 100 మిల్లీలీటర్లకు దాదాపు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉందా అని చూడండి. డబ్బాను బాగా ఊపి పోయాలి, కాల్షియం అడుగున పేరుకుపోతుంది. అమెరికా ప్రమాణాల ప్రకారం ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 700, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఏడాది లోపు పసివాళ్లకు ఇవేవీ పాలకు బదులు కావు. తల్లిపాలు, లేదా ప్రోటీన్‌ను బాగా విడగొట్టి తయారుచేసిన ప్రత్యేక ఫార్ములా డాక్టరు సలహాతో ఇవ్వాలి. తల్లి కూడా పాలు మానాలా అన్నది డాక్టరు తేల్చాకే. బాలింత తనంతట తాను పథ్యం పెట్టుకుని నీరసించిపోవడం ఎవరికీ మేలు కాదు.

గోధుమ తీసేస్తే ఐరన్, బి విటమిన్లు, పీచు తగ్గుతాయి. చేప తీసేస్తే ఒమేగా-3 తగ్గుతుంది. గుడ్డు ఒక్కటే తీసేస్తే మిగతా తిండి నుంచి భర్తీ చేయడం పెద్ద కష్టం కాదు. రెండు, మూడు ఆహారాలు కలిపి తీయాల్సి వస్తే మాత్రం ఒక్కసారైనా పోషకాహార నిపుణుల్ని కలవండి. రెండు, మూడు నెలలకోసారి ఎత్తు, బరువు గ్రోత్ చార్ట్‌లో గుర్తుపెట్టించండి. గీత కిందికి వంగుతుంటే కారణం అలర్జీ కాకపోవచ్చు, మనం పెట్టిన పథ్యమే కావచ్చు.

ఇంకో సంగతి. పెద్దబిడ్డకు పల్లీ పడదని తర్వాత పుట్టిన బిడ్డకు కూడా పల్లీ దాచిపెడుతుంటారు. 2015లో వెలువడిన లీప్ అనే అధ్యయనంలో, తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న 640 మంది పసివాళ్లను తీసుకుని కొందరికి పల్లీ పెట్టారు, కొందరికి మాన్పించారు. ఐదేళ్లు వచ్చేసరికి తిన్నవాళ్లలో పల్లీ అలర్జీ 81 శాతం తక్కువ. దాచిపెట్టడం కాపాడదని దీంతో తేలింది. చిన్నబిడ్డకు ఎప్పుడు, ఏ రూపంలో మొదలుపెట్టాలో డాక్టరును అడగండి. గింజలు గింజలుగా మాత్రం పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి.

7. చుట్టాలకు, బడికి చెప్పడం

నిజం చెప్పాలంటే అన్నిటికంటే శక్తి తినేసే పని ఇదే. "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి?" అనే పెద్దవాళ్లతో వాదనకు దిగితే లాభం లేదు. వాళ్లకు ఉన్నది ప్రేమే, తెలియనిది ప్రమాదం. లక్షణాలు కాగితం మీద చూపించి, ట్రైనర్ పెన్ను చేతికిచ్చి, "అత్తయ్యా, నేను లేనప్పుడు వాడి ప్రాణం మీ చేతిలోనే ఉంటుంది, ఒక్కసారి ఇలా నొక్కి చూడండి" అంటే వాదన ఆగిపోయి బాధ్యత మొదలవుతుంది. ఆ తర్వాత చుట్టుపక్కల అందరికీ చెప్పేది వాళ్లే.

విందులకు పిలిచినవాళ్లతో ముందురోజే మాట్లాడండి. "మావాడికి గుడ్డు పడదండీ. మీరు వాడికోసం ప్రత్యేకంగా ఏమీ చేయొద్దు, వాడి డబ్బా నేను తెస్తాను. వాడికి ఎవరూ తినడానికి ఏమీ ఇవ్వకుండా చూస్తే చాలు." ఇంత చిన్నగా చెబితే వాళ్లూ తేలికపడతారు. ప్రేమతో "గుడ్డు లేకుండా చేశానమ్మా" అని ఎవరైనా పెడితే దినుసుల ప్యాకెట్లు చూడకుండా తినిపించకండి. మొహమాటం ఇక్కడ పనికిరాదు.

బడిలో కలవాల్సింది క్లాసు టీచరును ఒక్కరినే కాదు. ఆట మాస్టారు, బస్సులో వచ్చే ఆయా, భోజనాల దగ్గర ఉండేవాళ్లు, సెలవు రోజు బదులు వచ్చే టీచరు, వీళ్లందరికీ ఆ కాగితం అందాలి. పెన్ను ఎక్కడ పెడతారో అడగండి. "ఆఫీసు బీరువాలో, తాళం వేసి భద్రంగా" అంటే ఒప్పుకోకండి, తాళంచెవి ఉన్న మనిషి ఆ రోజు సెలవులో ఉండొచ్చు. బిడ్డ సంచిలోనో, తరగతిలో అందరికీ తెలిసిన చోటనో తాళం లేకుండా ఉండాలి. పుట్టినరోజు కేకుల రోజున బిడ్డ చిన్నబుచ్చుకోకుండా, తనకు పడే తీపి వస్తువులతో ఒక డబ్బా టీచరు దగ్గర ముందే ఉంచండి. భోజనాల దగ్గర వేరే బల్ల మీద ఒంటరిగా కూర్చోబెట్టడానికి మాత్రం ఒప్పుకోవద్దు. పక్కన పడే తిండి తెచ్చుకున్న స్నేహితులను కూర్చోబెట్టొచ్చు. బల్ల తుడవడం, చేతులు కడగడం, పంచుకు తినకపోవడం పాటిస్తే చాలావరకు సరిపోతుంది.

పడని తిండిని మొహం మీదికి తెచ్చి ఏడిపించే పిల్లలు కూడా ఉంటారు. అది అల్లరి కాదు, దాడి. బడి పెద్దలకు ఆ మాట అదే తీవ్రతతో చెప్పాలి.

8. బిడ్డకు నేర్పడం

మూడు, నాలుగేళ్ల పిల్లలకు ఒకే నియమం చాలు: అమ్మా నాన్నా సరే అన్నదే తింటాను. నోట్లో దురదగా ఉన్నా, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టున్నా వెంటనే పెద్దవాళ్లకు చెప్పాలని నేర్పండి. ఆ వయసు వాళ్లు "నాలుక కారంగా ఉంది", "గొంతులో వెంట్రుకుంది", "నోరు గరుగ్గా ఉంది" లాంటి మాటల్లో చెబుతారు. ఆ మాటలను కొట్టిపారేయకండి.

చదవడం వచ్చాక లేబుల్ చదివే పని వాళ్లకే ఇచ్చి, పక్కన మీరూ చదవండి. పదేళ్లు దాటేసరికి పెన్ను తనే మోయాలి, ట్రైనర్‌తో తనే చేసి చూపించాలి. హోటల్లో ఏం అడగాలో తనే అడగాలి, మీరు వెనక నిలబడండి. ప్రాణాంతకమైన ప్రతిచర్యలు ఎక్కువగా టీనేజీలో, కొత్తగా ఇరవైల్లోకి వచ్చిన వయసులో జరుగుతాయి. తోటివాళ్లలో వేరుగా కనిపించకూడదని పెన్ను ఇంట్లో వదిలేసే వయసు అది. పన్నెండేళ్లదాకా అన్నీ అమ్మే చూసుకున్న పిల్లలకు పదమూడో ఏట ఒక్కసారిగా బాధ్యత అప్పజెప్పలేం. ముద్దు ద్వారా కూడా ప్రోటీన్ చేరుతుందని టీనేజీ పిల్లలకు సూటిగా చెప్పాలి.

పిల్లల ఎదుట భయాన్ని పూర్తిగా దాచలేం, దాచాల్సిన పనీ లేదు. "ఇది జాగ్రత్తగా ఉండాల్సిన సంగతి, మనకు ఏం చేయాలో తెలుసు" అన్న స్వరం ఉంటే చాలు. ఒక ప్రతిచర్య వచ్చి తగ్గాక కొందరు పిల్లలు పడే తిండిని కూడా మింగడానికి భయపడతారు. వారాల తరబడి అలాగే ఉంటే పిల్లల మనస్తత్వ నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి.

9. బయట తిండి, ప్రయాణాలు

రద్దీ లేని వేళకు వెళ్లి, వంట చేసేవాళ్లతో నేరుగా మాట్లాడండి. "పల్లీలు వేశారా?" అని కాకుండా "దీంట్లో ఏమేం వేశారు, ఏ నూనెలో, అదే నూనెలో ఇంకేం వేపుతారు?" అని అడగండి. అడిగినదానికి విసుక్కునే చోట తినొద్దు. రకరకాల వంటలకు అవే గరిటెలు తిరిగే బఫేలు, ఐస్‌క్రీమ్ పార్లర్లు వదిలేయడమే మంచిది. ప్రయాణంలో మందులు చేతి సంచిలో, డాక్టరు చీటీతో పాటు. భాష తెలియని చోటికైతే "మా బిడ్డకు ఇది తింటే ప్రాణాపాయం" అని అక్కడి భాషలో రాసిన కార్డు పట్టుకెళ్లండి.

10. ఏటా మళ్లీ చూపించండి

పాలు, గుడ్డు, గోధుమ, సోయా అలర్జీలు ఎక్కువమంది పిల్లల్లో పెరిగేకొద్దీ పోతాయి. పల్లీ అలర్జీ దాదాపు ఐదుగురిలో ఒకరికి పోతుంది. చెట్టు గింజలు, చేప, రొయ్యలవి ఎక్కువగా నిలిచిపోతాయి. మూడేళ్లప్పటి కాగితం పట్టుకుని పదేళ్ల పిల్లవాడికి గుడ్డు దూరం పెడుతున్న ఇళ్లు ఎన్నో. అందుకే ఏడాదికోసారి, లేదా డాక్టరు చెప్పిన గడువుకు, మళ్లీ పరీక్ష చేయించాలి.

చికిత్సలు కూడా వస్తున్నాయి. పడని ఆహారాన్ని అతి తక్కువ మోతాదు నుంచి వైద్యుల పర్యవేక్షణలో పెంచుకుంటూ వెళ్లే ఓరల్ ఇమ్యునోథెరపీ ఒకటి. అమెరికాలో మందులకు అనుమతి ఇచ్చే ఎఫ్‌డీఏ 2020 జనవరిలో పల్లీ అలర్జీకి ఇలాంటి మొదటి మందును ఆమోదించింది. 2024 ఫిబ్రవరిలో ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్‌ను ఏడాది దాటిన పిల్లలకు కూడా ఆహార అలర్జీకి అనుమతించింది. ఇవి పొరపాటున కొద్దిగా తిన్నప్పుడు ప్రమాదం తగ్గించేవి. వీటిని తీసుకుంటున్నా పడనిది మానాల్సిందే, పెన్ను వెంట ఉండాల్సిందే. బిడ్డకు, ఇంటికి సరిపోతుందా అన్నది డాక్టరుతో తీరిగ్గా మాట్లాడి నిర్ణయించుకోండి, తొందరేం లేదు.

ఆసుపత్రిలో తినిపించి చూసే పరీక్షలో బిడ్డ నెగ్గితే ఆ ఆహారాన్ని ఇంట్లో క్రమం తప్పకుండా పెట్టాలి. చాలా కుటుంబాలు భయంతో లేదా అలవాటు లేక అక్కడే ఆపేస్తుంటాయి. బిడ్డకు ఆ రుచి నచ్చకపోవడం కూడా సహజం, ఇన్నాళ్లు "ఇది తినకూడదు" అని మనమే చెప్పాం కదా. నచ్చిన వంటలో కలిపి, డాక్టరు చెప్పిన మోతాదులో, వారానికి ఎన్నిసార్లని చెబితే అన్నిసార్లు పెట్టండి. బడికి, చుట్టాలకు ఇచ్చిన కాగితాల్లో ఆ పేరు కొట్టేసి కొత్తవి ఇవ్వండి. డాక్టరు ఇక అక్కర్లేదని చెప్పేదాకా ఆడ్రినలిన్ మాత్రం సంచిలోనే ఉంచండి.